అశోకుడు చెట్లు నాటించెను

మా తరంలో బడికి వెళ్లిన తెలుగువాణ్ణి అర్ధరాత్రి నిద్రలేపి అశోకుడేం చేశాడని అడిగినా, బాటలకు ఇరువైపులా చెట్లు నాటించెను, బావులు త్రవ్వించెను అని తడుముకోకుండా అప్పజెబుతాడు. మూడు మార్కుల ప్రశ్నకు అది తిరుగులేని సమాధానం. కళింగ యుద్ధాన్నీ, ఆ చక్రవర్తి పశ్చాత్తాపాన్నీ మరచిపోయినవాడు కూడా ఆ చెట్లను మరచిపోడు. హాస్యానికి వాడుకొని వాడుకొని ఆ వాక్యాన్ని మనం అరగదీశాం.

నేను తెలుగు పండితుణ్ణి. చరిత్ర నా పాఠ్యవిషయం కాదు. అయినా సాంఘికశాస్త్రం మాస్టారు సెలవు పెట్టిన రోజున ఆయన తరగతి నా నెత్తిన పడేది. సోంపేట వైపు ఒక బడిలో పనిచేస్తున్న రోజుల్లో, 1990 ప్రాంతంలో, ఎనిమిదో తరగతి పిల్లలకు ఈ అశోకుడి పాఠమే చదివిస్తూ ఉండగా వెనుక బల్ల మీది కుర్రవాడొకడు లేచి, "ఆ బావులు మనుషులకా, గొడ్లకా మేష్టారూ?" అని అడిగాడు. తరగతి గొల్లుమంది. "ఇద్దరికీ లేరా, కూర్చో" అన్నాను. తెలిసి చెప్పిన జవాబు కాదది, గోల అణచడానికి అన్నమాట. కొన్నేళ్ల తరువాత శాసనపాఠాన్ని అనువాదంతో సహా చదివినప్పుడు గాని, నా నోట అనుకోకుండా నిజమే వచ్చిందని తెలియలేదు. ఆ కుర్రవాడి సంగతి మళ్లీ చెబుతాను.

ఆ మాటలున్నది అశోకుని రెండవ శిలాశాసనంలో. ఆ శాసనం మనకు దూరపుది కాదు. ఒరిస్సాలోని గంజాం జిల్లాలో, పురుషోత్తమపురం దగ్గర, ఋషికుల్యా నది ఒడ్డున జౌగడ అనే పాత కోట ఉంది. అక్కడి కొండరాతి మీద అశోకుని శాసనాలు చెక్కి ఉన్నాయి. అమరావతి శిల్పాలను మద్రాసుకు చేర్చిన సర్ వాల్టర్ ఇలియట్ దొరే 1850లో వీటికి నకలు తీశాడు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరు రాష్ట్రమయ్యే దాకా మన టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం కూడా గంజాం జిల్లాలోనివే. ఆ పైన విశాఖపట్నం జిల్లాలో కలిసి, 1950లో శ్రీకాకుళం జిల్లాలోకి వచ్చాయి. అంటే మా తాతల నాటికి జౌగడ బండా టెక్కలి చెరువూ ఒకే కలెక్టరు ఏలుబడిలో ఉండేవి. అంతకు ముందు రెండువేల యేళ్లుగా అదంతా కళింగమే. జౌగడలో, ధౌళిలో పదకొండు నుంచి పదమూడు వరకు శాసనాలు కనబడవు. కళింగ యుద్ధంలో చచ్చినవారి లెక్క, రాజు దుఃఖం ఉన్నది పదమూడవదానిలో. ఓడినవారి ఇంటి ముందు ఆ లెక్క చదివించడం మర్యాద కాదనుకున్నట్టున్నాడు. రెండవ శాసనాన్ని మాత్రం వదలలేదు.

దాని తాత్పర్యం ఇది. తన రాజ్యంలోనే కాక చోళ, పాండ్య, కేరళపుత్ర, తామ్రపర్ణి దేశాలలోనూ, యవనరాజైన అంతియోకుని దేశంలోనూ రెండు విధాల చికిత్సలు ఏర్పాటు చేశాననీ, ఒకటి మనుష్య చికిత్స, రెండవది పశు చికిత్స అనీ రాజు చెబుతాడు. మనుషులకూ పశువులకూ పనికివచ్చే ఓషధులు ఎక్కడ లేకపోతే అక్కడికి తెప్పించి నాటించాడట. మూలాలు, ఫలాలు కూడా అంతే. బాటల వెంట బావులు, చెట్లు ఉన్నది ఆ తరువాతే. అవి ఎవరికోసమంటే మళ్లీ అదే మాట, పశువులకూ మనుషులకూ. ఆసుపత్రులు కట్టించెను అని పాఠ్యపుస్తకాలు రాస్తుంటాయి గాని, చికిత్స అంటే వైద్యమే, వైద్యశాల కాదు. అది పుస్తకం రాసినవారి తొందర. నన్ను పట్టుకున్నది మాత్రం ఆ వాక్యాల వరస. మనిషి, పశువు, మొక్క, నీరు నాలుగూ ఒకే శాసనంలో, ఒకే ఊపిరిలో ఉన్నాయి. మనం పిల్లల చేత చెట్లనూ బావులనూ వల్లె వేయించి, మొదటి రెండు చికిత్సలనూ వదిలేశాం. చెట్టు ఎందుకు నాటాడో చెప్పని పాఠం హాస్యం కాక మరేమవుతుంది?

ఇప్పుడు ప్రపంచమంతా 'ఒన్ హెల్త్' అంటున్నారు. మనిషి ఆరోగ్యం, జంతువు ఆరోగ్యం, పరిసరాల ఆరోగ్యం వేరువేరు కావని దాని సారం. 2004లో న్యూయార్కులో వన్యప్రాణి సంరక్షకులూ వైద్యులూ కూర్చొని ఈ అర్థంలో పన్నెండు సూత్రాలు రాసుకున్నారు. కరోనా వచ్చాక ఆ మాటకు గిరాకీ పెరిగింది. మన దేశంలోనూ 2022 డిసెంబరులో నాగపూరులో ఇందుకొక జాతీయ సంస్థకు శంకుస్థాపన చేశారు. తెలుగులో ఏమనాలి? ఏక, ఆరోగ్యం కలిపితే సవర్ణదీర్ఘం వచ్చి ఏకారోగ్యం అవుతుంది. విన్నవాడు ఏ 'కారోగ్యం' అని అడిగినా అడుగుతాడు. 'ఒకే ఆరోగ్యం' అందాం, చాలు.

పల్లెటూళ్లలో ఈ భావం నిన్న మొన్నటి దాకా బతికే ఉండేది. మా ఊళ్లో ఎముకలు కట్టే ముసలాయన మనిషి చేతికైనా ఎద్దు కాలికైనా ఒకే వెదురుబద్దలు వాడేవాడు. ఎద్దు కదలకుండా ఓర్చుకుంటుంది, మనిషే అరుస్తాడు అనేవాడు. మనుషులకు అమ్మవారు పోసినా, గొడ్లకు ముసర రోగం తగిలినా మొక్కు ఒకే గ్రామదేవతకు. ఇది వట్టి మూఢత్వమని ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అనుకునేవాణ్ణి. పిల్లలకు పోసే తట్టుకూ పశువుల ముసరకూ కారణమైన వైరసులు దగ్గరి జ్ఞాతులనీ, పశువుల జాడ్యం నుంచే తట్టు పుట్టిందనీ శాస్త్రజ్ఞులు చెప్పగా చదివాక ఆ అమ్మవారి మీద గౌరవం కొంత పెరిగింది. మశూచికి టీకా వచ్చినది కూడా ఆవు మశూచి నుంచే కదా! ముసర మాత్రం ఇప్పుడు లేదు. టీకాలతోనే 2011 నాటికి ప్రపంచమంతటా దాని పేరు తుడిచివేశారు. మశూచి తరువాత భూమి మీద నుంచి అలా పోయిన రోగం అదొక్కటే.

గ్రంథాలలోనూ పశువైద్యం చిన్నచూపు పడలేదు. పాలకాప్యుని గజశాస్త్రం, శాలిహోత్రుని అశ్వశాస్త్రం సంస్కృతంలో ఉన్నాయి. తెలుగులో మనుమంచి భట్టు హయలక్షణ విలాసమనే పద్యకావ్యమే రాశాడు. గుర్రం సుడులు, రోగాలు పద్యాల్లో చెప్పినవాణ్ణి కవుల వరసలో నిలబెట్టిన భాష మనది. ఆ తరువాత కచేరీలు వచ్చాయి. ఇంగ్లీషు దొరతనంలో మనుషుల వైద్యం ఒక శాఖ, పశువులది మరొక శాఖ, అడవులు ఇంకొకటి అయ్యాయి. చేపలకూ నీళ్లకూ కూడా కచేరీలు వెలిశాయి. ఒక్కొక్క శాఖ ఎంతో మేలు చేసింది, కాదనను. కాని వ్యాధికి శాఖ లేదు. అది ఏ గుమ్మంలో నుంచైనా వస్తుంది.

దీనికి మా జిల్లాలోనే కళ్ల ముందు జరిగిన ఉదాహరణ ఉంది. టెక్కలికి దగ్గరలో తేలినీలాపురం అనే ఊరు. దానికి సముద్రం వైపున నౌపడా. అక్కడి ఉప్పుమళ్లు ఎప్పటినుంచో ప్రసిద్ధం. 1900లో పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్నరైలు బయలుదేరినది కూడా నౌపడా నుంచే. ఈ రెంటి చుట్టూ మిట్టల నీరంతా దిగి నిలిచే పల్లపు నేలను మా వైపు తంపర అంటారు. సోంపేట దగ్గర అటువంటిదాన్నే బీల అంటారు. తంపరలో చేప ఉంటుంది, గేదె మేస్తుంది, అంచున వరి పండుతుంది. చూడబోతే పనికిరాని బురద. రెవెన్యూ లెక్కల్లో బంజరు. బతికేవాళ్లకు మాత్రం అది అన్నపు గిన్నె.

తేలినీలాపురం చింతచెట్ల మీద ఏటేటా శీతకాలపు ముందు గూడబాతులూ రంగు కొంగలూ వచ్చి గూళ్లు కట్టి, పిల్లలు ఎగిరే దాకా ఉండి వెళతాయి. గూడ అంటే ఏతాము లేని చోట ఇద్దరు చెరోవైపు తాళ్లు పట్టుకొని నీళ్లు తోడే బుట్ట. ఈ పక్షి ముక్కు కింద సంచి చూసినవాడెవడో ఆ పేరు పెట్టాడు. ఎంత చక్కని పేరు! ఊరివాళ్లు వాటిని పుట్టింటికి పురుడుకొచ్చిన ఆడపిల్లల్లాగా చూస్తారు. రాళ్లు విసరనివ్వరు. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో నత్తలు తినే చిల్లుముక్కు కొంగలకూ ఇదే మర్యాద. ఇవన్నీ సైబీరియా నుంచి వస్తాయని పత్రికలవారు ఏటా రాస్తారు, మనం ఏటా నమ్ముతాం. ఈ మూడు జాతులూ దక్షిణాసియా, ఆగ్నేయాసియా దేశాల పక్షులే. నీటినీ తిండినీ వెతుక్కుంటూ ఇక్కడిక్కడే తిరుగుతాయి. మన పక్షికి విదేశీ బిరుదు తగిలిస్తే గాని మనకు గౌరవం కలగదు కాబోలు.

2021 డిసెంబరు నుంచి 2022 తొలి నెలల దాకా ఆ చెట్ల కింద గూడబాతులు చచ్చి పడసాగాయి. వందకు పైగా చచ్చాయి. పత్రికలో చూసి నేను మొదట కోళ్లకొచ్చే బర్డ్ ఫ్లూ అనుకొని భయపడ్డాను. కాదట. కడుపులో చేరిన ఒక జాతి నులిపురుగులు చంపాయన్నారు. చుట్టుపక్కల పెంపకపు చెరువుల్లోని చేపల వల్లా, నత్తల వల్లా అవి సోకి ఉంటాయని అనుమానించారు. ఈ జాతి పురుగుల జీవితం చిత్రమైనది. పక్షి కడుపులో పెద్దదై గుడ్లు పెడుతుంది. గుడ్లు రెట్టతో నీళ్లలో పడతాయి. నీటిలోని చిన్న పురుగులు వాటిని మింగుతాయి, ఆ పురుగులను చేప తింటుంది, చేపను తిరిగి పక్షి తింటుంది. పారే నీరు, విశాలమైన తంపర ఉన్న చోట ఈ చక్రం మెల్లగా తిరుగుతుంది, పక్షి తట్టుకుంటుంది. పక్షులూ చేపలూ నిలవ నీటి మడుగుల్లో కిక్కిరిస్తే అదే చక్రం వడిగా తిరుగుతుంది.

ఇక ఇది ఏ శాఖ పని? పక్షి అటవీశాఖది. చేప మత్స్యశాఖది. చచ్చిన పక్షి కడుపు కోసి చూడవలసినది పశువైద్యుడు. చెరువు తవ్విన నేల రెవెన్యూవారిది. ఆ చేపనే కూర వండుకునే మనిషి వైద్యశాఖకు చెందుతాడు. అందరూ తమ పని తాము చేశారనే అనుకుందాం. తంపర అనే ఆ ఒక్క శరీరానికి మాత్రం వైద్యుడు లేడు.

ఆ శరీరం మీద అంతకు ముందే దెబ్బలు పడ్డాయి. సోంపేట బీలలో బొగ్గు విద్యుత్ కేంద్రం కట్టబోతే రైతులూ మత్స్యకారులూ అడ్డుపడ్డారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. అదే రోజున ఆ కేంద్రానికిచ్చిన పర్యావరణ అనుమతిని ఢిల్లీలోని అప్పిలేటు అథారిటీ రద్దు చేసింది. 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లి తంపర విషయంలోనూ అంతే, మళ్లీ కాల్పులు, మళ్లీ చావులు. ఆ రెండు ఊళ్లవాళ్లు ఆరోగ్యశాస్త్రం చదివినవారు కారు. నీరు పోతే గేదె పోతుంది, గేదె పోతే మేం పోతాం అన్నారు. రెండవ శాసనాన్ని వెనుక నుంచి చదివినట్టుంది ఆ మాట.

ఇక్కడ రాబందుల సంగతి చెప్పక తప్పదు. నా చిన్నతనంలో మా ఊరి చివర, ఏటి గట్టు మీద, చచ్చిన గొడ్లను పడవేసే చోటుండేది. తోలు తీసుకొని మాదిగలు వెళ్లిపోయిన కాసేపటికి ఆకాశంలో చుక్కల్లాగా కనిపించి, రెప్పపాటులో దిగేవి. సాయంత్రానికి తెల్లటి ఎముకలే మిగిలేవి. జటాయువు, సంపాతి పాఠం చెప్పేటప్పుడు పిల్లలను అక్కడికి తీసుకెళ్లి చూపించవచ్చు అనుకునేవాణ్ణి. ఉద్యోగంలో చేరి కొన్నేళ్లయ్యేసరికి చూపించడానికి పక్షి లేదు. 1990ల తరువాత దేశమంతటా అదే కథ. నూటికి తొంభైకి పైగా నశించాయి. కారణం 2004లో తేలింది. నొప్పికీ జ్వరానికీ పశువులకిచ్చే డైక్లోఫినాక్ మందు చచ్చిన పశువు మాంసంలో మిగిలి, తిన్న రాబందు మూత్రపిండాలను చెడగొడుతోంది. కొద్ది రోజుల్లో పక్షి మరణిస్తుంది. 2006లో పశువులకు ఆ మందు వాడకం నిషేధించారు. అప్పటికే ఆలస్యమైంది. రాబందులు పోయిన చోట కళేబరాలు కుళ్లాయి, నీళ్లు చెడ్డాయి, ఊరకుక్కలు పెరిగాయి. 2000 నుంచి 2005 దాకా ఆ కారణంగా దేశంలో సుమారు 5 లక్షల మంది అదనంగా మరణించి ఉంటారని 2024లో ఇద్దరు అర్థశాస్త్రవేత్తలు లెక్కకట్టారు. ఆవు నొప్పి తగ్గించబోతే మనిషి ప్రాణం పోయింది. మధ్యన ఉన్న పక్షిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

మూత్రపిండాల మాట వచ్చాక మా జిల్లావాడికి మనసు ఉద్దానం వైపు పోకుండా ఉండదు. ఉద్యానమే ఉద్దానమైందంటారు. కొబ్బరి, జీడి, పనస తోటలతో కళ్లు చల్లబరిచే ఇసుక నేల. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, ఇచ్ఛాపురం, పలాస, మందస, ఈ మండలాల్లో మధుమేహమూ రక్తపోటూ లేనివాళ్లకు కూడా మూత్రపిండాలు చెడిపోతున్నాయని 1990ల నుంచి వైద్యులు గమనిస్తున్నారు. మధ్య అమెరికాలో చెరకు నరికే కూలీలకూ, శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతపు రైతులకూ ఇటువంటిదే వచ్చింది. నీటిలోని ఖనిజాలా, పురుగుమందులా, ఎండలో చెమటోడ్చే పనా, నొప్పి మాత్రలా, వంశమా? అనుమానాలన్నీ ఉన్నాయి, ఏ ఒక్కదాని మీదా ముద్ర పడలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. హిరమండలం నుంచి వంశధార నీరు ఉద్దానానికి తెచ్చే పథకమూ అప్పుడే ఆరంభమైంది. ఆ రెండు పనులూ మంచివే. నీరు మార్చడం, అసలు చెప్పాలంటే, అశోకుడి బావుల వంటిదే.

ఎనిమిదో తరగతిలో బావుల ప్రశ్న వేసిన ఆ కుర్రవాడు ఇప్పుడు యాభైకి దగ్గర పడ్డాడు. సోంపేటకు కొద్ది దూరంలో ఇల్లు, ఎకరంన్నర తోట. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను కొబ్బరిచెట్లను పడగొట్టింది. అన్నగారు ఇదే జబ్బుతో పోయారు. తనకూ రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరుగుతోందన్నారు. నిరుడు నేను చూడబోయినప్పుడు అరుగు మీద చాప వేసి కూర్చోబెట్టి, కొబ్బరిబొండం కొట్టి ఇచ్చాడు. తాను తాగలేదు. అందులో పొటాషియం ఎక్కువ, వద్దన్నారట. సొంత చెట్టు బొండం తాగకూడని రోగం ఉద్దానం మనిషికి రావడం కంటే క్రూరమైన సంగతి నాకు తోచదు.

"మా ఇంటికి శానామందొచ్చారు మేష్టారూ. రగతం తీసుకున్నారు, బావిలో నీళ్లట్టుకెళ్లారు, తోటలో మన్నట్టుకెళ్లారు. ఆవుకేసి మాత్రం ఎవులూ సూణ్ణేదు. అదీ ఆ నీళ్లే కదా తాగుతాది?" అన్నాడు.

ముప్పై యేళ్ల నాటి ప్రశ్నే అది. అప్పుడు గోల అణచడానికి జవాబిచ్చాను. ఈసారి నా దగ్గర ఏ జవాబూ లేదు. "పండితుణ్ణి రా, వైద్యుణ్ణి కాను" అన్నాను. వాడు నవ్వి, "ఆ రోజూ సోషలు మేష్టారు కాదు గదా మీరు" అన్నాడు.

ఇంటికి వచ్చాక ఆ మాట వదల్లేదు. నా దగ్గర చదువుకున్న ఇంకొకడు పశువైద్యుడుగా ఉన్నాడు. ఫోను చేశాను. ఒక్క ఆవు వల్ల ఏమీ తేలదు మాస్టారూ, ఊరంతా చూడాలి, ఆ నీళ్లు తాగని ఊరి గొడ్లతో పోల్చాలి అని శాస్త్రం చెప్పాడు. చెప్పినవాడు ఊరుకోక, ఒక ఆదివారం స్కూటరు మీద నన్ను వెనుక కూర్చోబెట్టుకొని బయలుదేరాడు. మంచం కోడుకు కట్టిన ఆవు మెడ నిమురుతూ యజమాని నిలబడ్డాడు. వైద్యుడు మెడనరంలో నుంచి రక్తం తీసి, గొట్టానికి కాగితం అంటించి, ఏం పేరు రాయమంటావు అన్నాడు.

"గౌరి" అన్నాడు వీడు. "మా నీళ్లు కూడా రాసేయండి పక్కన. బావి."

పక్కింటివాళ్లు గోడ మీంచి చూస్తున్నారు. వాళ్ల గేదెను కూడా చూడమని అడిగారు. చీకటి పడే వేళకు పదకొండు గొట్టాలయ్యాయి.